అనంతపురం ఎండలో కారుకు ఏ ఇంజన్ ఆయిల్ కొనాలి

వేసవి వచ్చిందంటే, ఆయిల్ మార్పించడానికి షెడ్డుకు వెళ్లిన ప్రతి కారు యజమానికీ మా అనంతపురంలో ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. "సార్, మన ఎండకు ఈ నీళ్ల లాంటి ఆయిల్ ఆగదు, ఇంజన్ పట్టేస్తుంది, కాస్త చిక్కటిది పోద్దాం" అంటాడు మెకానిక్. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. జీపులు, అంబాసిడర్ల మీద పని నేర్చుకున్నవారి దగ్గర శిష్యరికం చేసినవాడు, ఆ బండ్లకు నప్పిన 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 ఆయిళ్లనే నేటికీ నమ్ముతాడు. మన ఎండలు, వేడికి త్వరగా చెడని సింథటిక్ ఆయిల్ కొనడానికి మంచి కారణమే గాని, చిక్కటి ఆయిల్ కొనడానికి ఏమాత్రం కారణం కావని నా అభిప్రాయం.

డబ్బా మీద గ్రేడు 5డబ్ల్యు-30 అని ఉంటే, మొదటి అంకె చలిలో స్టార్ట్ అయ్యేటప్పటి గుణాన్ని, రెండో అంకె వేడెక్కిన ఇంజన్‌లోని చిక్కదనాన్ని తెలుపుతాయి. వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్.ఎ.ఇ. ప్రమాణం ప్రకారం స్టార్టింగ్ పరీక్షను 0డబ్ల్యు ఆయిల్‌కు మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యుకు మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యుకు మైనస్ 15 దగ్గర చేస్తారు. అంత చలి మన జిల్లాలో ఏ సంక్రాంతికీ ఉండదు. రెండో అంకెను 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు: 20 అంటే 6.9 నుండి 9.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనానికి కొలమానం) లోపు, 30 అంటే 9.3 నుండి 12.5 లోపు, 40 అంటే 12.5 నుండి 16.3 లోపు. బయట మే నెల 42 డిగ్రీలున్నా, డిసెంబరు ఉదయం 18 ఉన్నా, థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి ఇంజన్ నీటిని దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతాయి. ఎ.సి. వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని, మిట్టమధ్యాహ్నం వేగంగా పోతే ఆయిల్ వేడి 100 దాటి ఇంకా పైకి పోతుంది, నిజమే. అందుకే 150 డిగ్రీల దగ్గర, తీవ్రమైన ఒరిపిడిలో ఆయిల్ పొర ఎంత నిలుస్తుందో కొలిచే మరో పరీక్ష ఉంది. దానికి కూడా ప్రతి గ్రేడుకూ కనీస హద్దు నిర్ణయించి ఉంది. కారు కంపెనీ గ్రేడు ఎంచుకునేది ఇవన్నీ చూసుకునే.

మరి అంత చలే లేనప్పుడు మనకు 0డబ్ల్యు, 5డబ్ల్యు ఎందుకని అడగవచ్చు. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ దాదాపు మొత్తం కిందికి జారి ఇంజన్ అడుగునున్న చాంబర్‌లో చేరుతుంది. పొద్దున తాళం తిప్పగానే అది పంపు ద్వారా సన్నటి దారుల్లో పైకెక్కి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను చేరాలి. ఇంజన్ అరుగుదలలో పెద్ద వాటా ఆ తొలి క్షణాలదే. 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యు-20 ఆయిల్ చిక్కదనం సుమారు 45 సెంటీస్టోక్‌లు ఉంటే, 20డబ్ల్యు-50 చిక్కదనం 150కి పైనే ఉంటుంది. అంటే మన వేసవి ఉదయాల్లో కూడా ఆ రెండింటి మధ్య మూడు రెట్లకు మించిన తేడా ఉందన్నమాట. పైగా ఇప్పటి ఇంజన్లలో టైమింగ్ చైన్‌ను బిగించి పట్టుకునేదీ, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చేదీ ఆయిల్ ఒత్తిడే. మారుతి కొత్త పెట్రోల్ కార్లలో కొన్నిటికి ఏకంగా 0డబ్ల్యు-16 వాడమని కంపెనీయే చెబుతోంది.

కొన్ని కార్ల ఓనర్స్ మాన్యువల్‌లో ఒకే గ్రేడు కాక, బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడులతో ఒక పట్టిక ఇస్తారు. చిక్కటి ఆయిల్ కావాలనుకునే వారికి న్యాయంగా దొరికే వెసులుబాటు అదొక్కటే. 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 రెండూ ఒప్పుకునే ఇంజన్ అయి, నెలనెలా 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకో కర్నూలుకో పోయివచ్చే బండి అయితే నేను 5డబ్ల్యు-30 వైపే మొగ్గుతాను. పట్టికలో లేని గ్రేడు జోలికి మాత్రం పోను.

ఇక ఎండ నిజంగా చేసే హాని సంగతి. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని ఈ రంగంలో ఒక స్థూలమైన లెక్క. ముడి చమురును మామూలుగా శుద్ధి చేసి తీసిన మినరల్ ఆయిల్‌లో ఉండే తేలిక భాగాలు ముందు ఆవిరైపోతాయి. మిగిలింది చిక్కబడి, జిడ్డుగా మారి, పిస్టన్ రింగుల గాడుల్లో పేరుకుంటుంది. దీన్ని కొలిచే నోయాక్ పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూస్తారు. నేటి పెట్రోల్ ఆయిళ్లకు ఇది 15 శాతం మించకూడదు. సింథటిక్ ఆయిల్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. దాని అణువులు ఇంచుమించు ఒకే తీరుగా ఉండడం వల్ల త్వరగా ఆవిరి కాదు, త్వరగా చెడదు.

అయితే "ఫుల్లీ సింథటిక్" అని రాసిన ప్రతి డబ్బాలోనూ ఒకే సరుకు ఉండదు. మూలనూనెలను అయిదు గ్రూపులుగా విభజిస్తారు. నాలుగోది రసాయనికంగా నిర్మించిన పి.ఎ.ఓ.; మూడోది ముడి చమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి తీసినది. ఈ మూడో గ్రూపును సింథటిక్ అనవచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య తగాదా వచ్చినప్పుడు, 1999లో అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ అనవచ్చని తేల్చింది. నేడు అంగట్లో దొరికే సింథటిక్ ఆయిళ్లలో ఎక్కువ భాగం ఆ గ్రూపువే. ఇల్లు, ఆఫీసు, అప్పుడప్పుడు తిరుపతి ప్రయాణం, ఇంతే తిరిగే కారుకు అది చాలినంత మంచిది, పి.ఎ.ఓ. కోసం రెట్టింపు ధర పెట్టాల్సిన పని లేదు. మినరల్‌లో సింథటిక్ కలిపిన సెమీ సింథటిక్ అంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. సింథటిక్ ఎంత భాగం కలిపారో డబ్బా మీద సాధారణంగా రాయరు, చిన్న కారుకు పట్టే మూడు మూడున్నర లీటర్ల మీద మిగిలే డబ్బు కూడా స్వల్పమే.

గ్రేడు ఎంత ముఖ్యమో డబ్బా వెనుక ఉండే ఎ.పి.ఐ. (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యతా అక్షరాలూ అంతే ముఖ్యం. పెట్రోల్ ఆయిళ్లలో ఎస్.ఎన్. ప్రమాణం 2010లో, ఎస్.పి. 2020లో వచ్చాయి, ఎస్.ఎన్. అడిగిన చోట ఎస్.పి. నిస్సంకోచంగా వాడవచ్చు. టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో బలంగా తొక్కినప్పుడు, స్పార్క్ కంటే ముందే ఇంధనం అంటుకుని పిస్టన్లు పగిలే ప్రమాదం ఉంది. ఎస్.పి. ఆయిళ్లను ఆ ముప్పును తగ్గించేలా, టైమింగ్ చైన్ అరగకుండా చూసేలా తయారు చేస్తారు. 2019లో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుండి వచ్చిన తొలి సెల్టోస్‌లలోనే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉండేది కాబట్టి, ఇది మనకు దూరపు సంగతి కాదు.

డీజిల్ కార్ల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. తాడిపత్రిలో మా బావమరిదికి బండల లోడు తోలే లారీలు ఉన్నాయి. లారీల కోసం తెచ్చిన ఇరవై లీటర్ల బకెట్‌లోని 15డబ్ల్యు-40 ఆయిల్‌నే తన కొత్త కారుకూ పోయించబోతే వద్దని ఆపాను. "డీజిల్ ఆయిల్ డీజిల్ ఆయిలే కదా బావా" అన్నాడు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నిబంధనల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే డి.పి.ఎఫ్. అనే జల్లెడ వచ్చింది. మసిని కారు తనంతట తాను కాల్చి వదిలించుకోగలదు గాని, ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలి మిగిల్చే బూడిదను వదిలించుకోలేదు. ఆ బూడిద జల్లెడలోనే ఉండిపోతుంది. అందుకే ఇలాంటి కార్లకు యూరప్ కార్ల కంపెనీల సంఘం ఎ.సి.ఇ.ఎ. ప్రమాణాలైన సి2, సి3 వంటి తక్కువ బూడిద ఆయిళ్లు అడుగుతారు. వాటిలో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం మించకూడదు. ఎ.పి.ఐ. పాత డీజిల్ ప్రమాణమైన సి.ఐ.-4 లారీ ఆయిల్‌కు అలాంటి కట్టడి లేదు. బకెట్ మీద ఆదా అయ్యే వందలకూ, డి.పి.ఎఫ్. మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుకూ పొంతనే లేదు. ఇంకొక విషయం: ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే డీజిల్ కారులో, మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత చాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఆయిల్ గేజి పుల్ల మీద మట్టం తగ్గకపోగా పెరుగుతూ ఉంటే సంతోషించకూడదు, వెంటనే ఆయిల్ మార్చాలి.

కొనేటప్పుడు నేను పెట్రోల్ బంకులోనో, కంపెనీ డీలరుగా బోర్డున్న దుకాణంలోనో మాత్రమే తీసుకుంటాను. ప్రమాణాలు సరిపోతే సర్వో, మ్యాక్, హెచ్.పి. వంటి ప్రభుత్వరంగ కంపెనీల ఆయిళ్లకు నేను ఏ వంకా పెట్టను. మూత కింది రింగు తెగకుండా ఉందా, మూత తీశాక లోపలి రేకు అతుకు నిండుగా ఉందా, ప్యాక్ చేసిన నెల, బ్యాచ్ నంబరు చెరిపినట్టు ఉన్నాయా అన్నది వెలుతురులో పెట్టి చూస్తాను. మనం షెడ్డులో వదిలేసి వచ్చే ఖాళీ డబ్బాలే డూప్లికేట్ ఆయిల్ వాళ్ల పెట్టుబడి. ఆయిల్ పోయడం పూర్తికాగానే మెకానిక్‌నే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని డబ్బా అడుగున రెండు పోట్లు పొడుస్తాను. మొదట్లో ముఖం చిట్లించేవాడు, ఇప్పుడు తనే పొడిచి చూపిస్తున్నాడు. సర్వీస్ సెంటర్‌లో బ్యారెల్ నుండి పోసేటట్టయితే గ్రేడు, ప్రమాణం, లీటర్లు బిల్లు మీద విడివిడిగా రాయించుకోవాలి. వారంటీ ఉన్న కారుకు ఆ కాగితం ఆయిల్ అంత విలువైనది.

మార్చే గడువు చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. సింథటిక్ కాబట్టి 20,000 దాకా ఆగవచ్చనే ప్రచారాన్ని పట్టించుకోవద్దు. దుమ్ము రోడ్లు, ఎ.సి. వేసుకుని ఇంజన్ నడుస్తుండగానే బండిని గంటలకొద్దీ ఆపి ఉంచడం, ఇంజన్ వేడెక్కకముందే ముగిసే ప్రయాణాలు, వీటన్నిటినీ మాన్యువల్ కఠిన వినియోగం కిందే లెక్కగట్టి గడువు తగ్గిస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కూడా ముందుగానే చూడాలి, ఎందుకంటే గాలితో లోపలికి పోయిన రాతి పొడిని ఏ ఆయిల్ కూడా నిర్వీర్యం చేయలేదు. డీజిల్ ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడితే బెదరనక్కర లేదు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే.

నాలుగు లీటర్ల డబ్బాలో ముప్పావు లీటరు మిగిలితే దాన్ని ఇంట్లోని బైకులో పోయకండి. చాలా బైకుల క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. వాటికి జపాన్ ప్రమాణమైన జాసో ఎం.ఎ. గుర్తున్న ఆయిల్ కావాలి, కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపే రసాయనాల వల్ల ఆ క్లచ్ పట్టు తప్పుతుంది. మిగిలిన ఆయిల్‌కు మూత బిగించి డిక్కీలో ఒక మూలకు పెట్టుకుంటే దూర ప్రయాణాల్లో అక్కరకు వస్తుంది. అది అందుబాటులో లేక దారిలో మట్టం గేజి పుల్ల మీది కింది గీతకు దిగితే, అదే గ్రేడు వేరే కంపెనీ ఆయిల్, మినరల్ అయినా సరే, కొద్దిగా కలుపుకుని ఊరు చేరవచ్చు. ఇంజన్ ఆయిళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసేలాగే తయారు చేస్తారు. పై గీత దాటించి మాత్రం పోయకూడదు, ఇంజన్ కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ లేపితే పంపుకు ఆయిల్ బదులు గాలి అందుతుంది.