నీటి వాటం

ఒమాన్ లోపలి ప్రాంతంలో, జెబెల్ అఖ్దర్ కొండల కింద ఉన్న ఒక పాత మట్టి ఇళ్ల వాడను బాగుచేసే పనికి నేను సైట్ ఇంజనీరుగా వెళ్లాను. మస్కట్ ఆఫీసులో నా చేతికిచ్చిన నక్షాల్లో గోడల మందం, గదుల కొలతలు, కూలిన కప్పుల జాబితా అన్నీ ఉన్నాయి. వాడ మధ్యగా మెలికలు తిరుగుతూ పోయే నీటి కాలువ మాత్రం ఒక సన్నటి నీలి గీతగా ఉంది. అప్పటివరకు నేను కట్టించినవి అపార్ట్‌మెంట్లు, గోదాములు. గోడలు లేచాక గొట్టాలు వేస్తాం, మోటారు పెడతాం, నీళ్లు మనం రమ్మన్న చోటికి వస్తాయి. నాకు తెలిసిన వరుస అది. ఆ వాడ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పుట్టిందని అర్థమవడానికి నాకు ఒక ఎండాకాలం గడవవలసి వచ్చింది, ఒక తప్పు చేయవలసి వచ్చింది.

ఆ కాలువను ఫలజ్ అంటారు, బహువచనం అఫ్లాజ్. వంతులుగా పంచడం అనే అర్థం ఆ మాటలోనే ఉంది. ఒమాన్‌లో ఇప్పటికీ పనిచేస్తున్నవి సుమారు 3,000. వాటిలో నిజ్వాలోని దారిస్, బిర్కత్ అల్ మౌజ్‌లోని ఖత్మీన్, ఇజ్కీలోని మల్కీ సహా ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొన్ని ఊటల నుంచి పుడతాయి, కొన్ని వాదీల్లో, అంటే కొండ వాగుల్లో, పారే నీటిని మళ్లించుకుంటాయి, మరికొన్ని కొండ పాదంలో తవ్విన తల్లి బావి నుంచి సొరంగం గుండా దూరం నడిచి బయటపడతాయి. ఈ మూడో రకాన్ని దావూదీ అంటారు. మేము పనిచేసినది అదే. తల్లి బావి నుంచి ఖర్జూరపు తోటల చివరి దాకా నీటిని నడిపించేది వాటం ఒక్కటే. అది ఎక్కువైతే నీరు కాలువ అడుగును కోసేస్తుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అడ్డంగా వాదీ వస్తే కొన్ని చోట్ల నీటిని ఒక బావిలోకి దింపి, వాదీ అడుగున నడిపించి, అవతలి ఒడ్డున మరో బావిలోంచి కాస్త తక్కువ ఎత్తున పైకి తెస్తారు. రసమట్టం, డిజిటల్ లెవెల్ చేతిలో ఉన్న నాకు కూడా ఆ పని చూసినప్పుడు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

నీరు మొదటిసారి బయటపడే చోటును షరీఆ అంటారు. అక్కడ తాగడానికి మాత్రమే ముంచుకుంటారు. కొంచెం దిగువన మసీదు, అక్కడ ప్రార్థనకు ముందు వుదూ, అంటే కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునే శుద్ధి, చేసుకునే మెట్లు. ఆ తరువాత మగవాళ్ల స్నానపు గది, ఆడవాళ్ల స్నానపు గది. ఆ తరువాత గిన్నెలు, బట్టలు. ఆపైన ఖర్జూరపు చెట్లు. అన్నిటికన్నా చివర, నీళ్లు మిగిలిన ఏడాది మాత్రమే విత్తే పొలాలు. ఈ వరుస తెలిశాక నక్షా నాకు వేరుగా కనిపించింది. అడ్డదిడ్డంగా తోచిన సందులన్నీ కాలువ వంపుల వెంట నడుస్తున్నాయి. మసీదు అంత ఎగువన, ఇరుకైన స్థలంలో ఎందుకు ఉందని నేను మొదటి వారంలో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది: శుద్ధికి వాడే నీటిని అంతకుముందు ఎవరూ స్నానానికి తాకి ఉండకూడదు. మసీదు స్థలాన్ని నిర్ణయించింది భూమి విలువా కాదు, దూరం నుంచి కనిపించాలన్న కోరికా కాదు. ఒమాన్ లోపలి ఊళ్లలో, ఇబాదీ అనే ముస్లిం శాఖవారి పాత మసీదుల్లో చాలావాటికి మినారులు కూడా లేవు. పక్కనే పారే నీటిని బట్టి వాటిని గుర్తుపడతాం.

ఈ నీటికి యజమానులున్నారు, వాళ్లది కాలంలో వాటా. ఒక్కో వాటాను అథర్ అంటారు, సుమారు అరగంట. మన ఘడియ కంటే ఆరు నిమిషాలు ఎక్కువ. పగలు నేలలో పాతిన కర్ర నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి వంతు మార్చేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారాలు చూస్తున్నారు. ఫలజ్ కోసం కేటాయించిన కొన్ని వంతులను వేలం వేసి, ఆ డబ్బుతో మరమ్మతులు చేస్తారు. వీటన్నిటి బాధ్యత వకీల్‌ది. మనకు వకీలంటే న్యాయవాది. అక్కడ ఫలజ్ బాగోగులు చూసే పెద్దమనిషి. రెండు పనులూ ఒకటేనేమోనని నాకు తరువాత అనిపించింది.

నా తప్పు సిమెంటుతో జరిగింది. మసీదుకు ఎగువన ఇరవై మీటర్ల మేర కాలువ గచ్చు లేచిపోయి ఉంది. పాత పద్ధతిలో చేయాలంటే నెలలు పడుతుందని, గడువు దగ్గరపడిందని, నీళ్లు ఆపిన రెండు రోజుల్లో సిమెంటు వేయించేశాను. పని నున్నగా వచ్చింది, ఫోటోలు మస్కట్‌కు పంపాను. ఆరు వారాలకు వకీల్ తెల్లవారకముందే మా పోర్టా క్యాబిన్ తలుపు తట్టారు. కొత్త సిమెంటు, పాత గచ్చు కలిసిన చోట వెంట్రుక మందాన పగులు వచ్చింది. ఎండకు ఒకటి కదిలినట్టు రెండోది కదలలేదు. ఆ సందులోంచి నీరు దిగి కింద మట్టిని తోడేసింది. పక్కనున్న ఇంటి గోడకు అంతకుముందు ఎవరో సిమెంటు పూత వేశారు. కిందనుంచి ఎక్కిన తేమ బయటికి పోలేక లోపలే నిలిచింది. పూత చెక్కి చూస్తే అడుగు వరసల్లోని పచ్చి ఇటుకలు అడుసైపోయి ఉన్నాయి. మట్టి గోడ తడవడం తప్పు కాదు. ఆరే దారి లేకపోవడమే దాన్ని చంపుతుంది.

వకీల్ గొంతు పెంచలేదు. నన్ను అరబీలో ఇంజనీరు అని పిలిచి, గల్ఫ్‌లో చాలామందికి వచ్చే హిందీలో ఇలా అన్నారు: "ముహందిస్, ఈ నీళ్లు నీ కాలువలోంచి పోలేదు. భర్త లేని ఒక పెద్దావిడ అరగంటలోంచి పోయాయి." ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. లీటర్లలో లెక్కవేసే నష్టాన్ని ఒక మనిషి కాలంలో లెక్కవేసి చెప్పడం నేను అంతకుముందు వినలేదు. ఆ రోజే సిమెంటంతా పగలగొట్టించాను.

ఆ తరువాత సరూజ్ తయారు చేయడం నేర్చుకున్నాను. బంకమట్టిని బిళ్లలుగా చేసి ఆరబెట్టి, ఖర్జూరపు మొద్దుల మీద పేర్చి రోజుల తరబడి కాల్చి, పొడిగొట్టి, సున్నంతో కలిపే గచ్చు అది. సున్నంలో ఇటుక పొడి కలిపే మన సుర్కీ తెలిసిన మేస్త్రికి కొత్తగా ఉండదు. నీటిలోనే గట్టిపడుతుంది, పాత పనితో కలిసిపోతుంది. కాల్చడానికి కావలసినవి తోటలో పడిపోయిన చెట్లే. అక్కడి ఇళ్లలోనూ ఇదే పొదుపు కనిపిస్తుంది. లోపలి ఊళ్లలో కప్పు మోసేది ఖర్జూరపు దూలాలు, తీరం వైపు తూర్పు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన చందల్ వాసాలు. రెండూ మూడు మీటర్లకు మించి నమ్మదగినవి కావు. అందుకే గదులు సన్నగా, పొడవుగా ఉంటాయి. ఆ ఇళ్ల వెడల్పును గీసింది చెట్టు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్నది ఒమాన్ చట్టం. ఆ మూడు గంటలు మేమంతా కాలువ పక్కన చెట్ల కింద పడుకునేవాళ్లం. నీటి వాటాలు, సరూజ్ కాల్పు నేను నేర్చుకున్నది ఎక్కువగా అప్పుడే. బహ్లా కోట సంగతి కూడా అక్కడే మాటల్లో వచ్చింది. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ మట్టికోట మరుసటి ఏడాదే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కి, 2004 దాకా అందులోనే ఉండిపోయింది. ఒకప్పుడు నాకది వార్త మాత్రమే. ఆ అడుసు గోడను చేత్తో తాకాక, మట్టితో తొందరపడితే ఏమవుతుందో వేళ్లకు తెలిసింది.

చివరి పని వుదూ మెట్లది. నక్షాలో అక్కడ కొళాయిలు, స్టీలు గొట్టం గీసి ఉన్నాయి. నేను మతరీత్యా ఆ ఆచారం తెలిసినవాణ్ని కాను. మా బంగ్లాదేశ్ మేస్త్రి చెప్పులు విడిచి, విరిగిన పాత మెట్టు మీద కూర్చుని చేసి చూపించారు: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తడి చేత్తో తల, చివర పాదాలు. ఆయన వంగిన ప్రతిసారీ మోకాలి నుంచి నీటి మట్టానికి ఎంతుందో నేను టేపుతో కొలిచాను. పాత మెట్టు ఎత్తు, పీట వెడల్పు, పాదాలు కడిగిన నీరు మళ్లీ పైకి ఎదురురాకుండా అడుగున ఇచ్చిన చిన్న వాటం, అన్నీ ఆ కూర్చున్న శరీరానికి సరిపోయాయి. కొళాయిలు తీసేసి పాత కొలతలే ఉంచాలని మస్కట్‌కు కొత్త నక్షా గీసి పంపాను. రెండుసార్లు తిప్పికొట్టారు, మూడోసారి ఒప్పుకున్నారు.

నీళ్లు తిరిగి వదిలిన రోజు వకీల్ లెవెల్ రీడింగులు అడగలేదు. షరీఆ దగ్గర ఒక ఖర్జూరపు ఆకు రెబ్బను నీటిలో వేసి దానితో పాటు నడిచారు, వెనక నేను. మేము బాగుచేసిన ఇరవై మీటర్లలో రెబ్బ ఎక్కడా ఆగలేదు, తిరగలేదు. మసీదు మెట్లు దాటి, స్నానపు గోడల కింద దూరి, తోటలోకి పోయింది. ఆయన గడియారం చూసుకుని, ఆ పూట వంతు ఎవరిదో వాళ్లను కేకవేయడానికి తోట వైపు వెళ్లారు. మేము పనిముట్లు కడుక్కుని దిగువకు నడిచాం. పగలగొట్టిన ఆ ఇంటి గోడకు ఇంకా ఇటుకలు పోయవలసి ఉంది.