మైకు కూసిన సాయంత్రం

మన స్కూలు పాత విద్యార్థుల ఈ సంచికలో రాసేవాళ్లలో చాలామంది స్టేజీ ఎక్కినవాళ్లే. నేను మాత్రం తొమ్మిదో తరగతిలో స్టేజీ కింద వైర్లు పరిచినవాణ్ణి. బృందగానానికి పేరిచ్చాను. సంగీతం మాస్టారు రెండు లైన్లు విని, ఒక్క మాటైనా అనకుండా లోపలికెళ్లి వైర్ల చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. అంత మర్యాదగా నన్నెవరూ కాదనలేదు, ఇప్పటికీ.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేశాం. మన హాలు గుర్తుందిగా, ఎవరైనా దగ్గితే గోడలు కూడా దగ్గేవి. పాడే అమ్మాయి గొంతు చక్కగా వినబడే చోట మిక్సర్ (మైకుల శబ్దాన్ని పెంచీ తగ్గించే పెట్టె) మీద స్లైడర్ ఆపి, పక్కనే సుద్దముక్కతో గీత గీశాను. సాయంత్రం హాలు నిండింది. పాట మొదలైంది. గొంతు వినబడదే! చూస్తే స్లైడర్ గీత దగ్గరే ఉంది. మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయని, ఖాళీ హాల్లో గోడల మీంచి తిరిగొచ్చి మోగిన గొంతు నిండు హాల్లో జనంలోనే ఇంకిపోతుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒకటే, పైకి తోయడం. గీత దాటించాను. ఇంకాస్త తోశాను.

మైకు కుయ్యిమంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి, పెద్దదై బయటికొచ్చి, మళ్లీ దూరి, క్షణంలో చెవులు చిల్లులు పడే కూత అయింది. ఆ అమ్మాయి కంగారులో మైకు తలను అరచేత్తో మూసేసింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ అలాంటి మైకు ముందునుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకోవాలంటే దాని తల వెనకవైపు సందులు తెరిచే ఉండాలి. అవి మూసుకుపోతే నాలుగువైపులా లాక్కుంటుంది. కూత రెట్టింపైంది. నేను టెన్షన్‌లో స్లైడర్‌ను అమాంతం కిందికి లాగేశాను. మైకు మూగబోయింది, పాట ఆగలేదు. ఆ అమ్మాయి స్టాండును పక్కకు జరిపి, ఒక అడుగు ముందుకొచ్చి పాడుతూనే ఉంది. చివరి వరుసలోవాళ్లు చెవులు రిక్కించి ముందుకు వంగడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ తర్వాత కచేరీలు, బ్యాండ్ షోలు లెక్కలేనన్ని చూశాను. ముందు వరుస టికెట్ కోసం కొట్టుకోవడం దండగని నా గట్టి నమ్మకం. అక్కడ డ్రమ్ముల దెబ్బా గిటార్ ఆంప్లిఫయర్ మోతా నేరుగా ముఖాన కొడతాయి, గొంతు మాత్రం పెద్ద స్పీకర్లలోంచి మన నెత్తిమీదుగా వెనక్కి వెళ్లిపోతుంది. మిక్సర్ దగ్గరున్న మనిషి తన చెవికి వినబడేదాన్ని బట్టే అన్నీ సర్దుతాడు. కాబట్టి అతని పక్కన నిలబడండి. మరీ వెనక్కి పోతే ఇంకో గొడవ. గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే 100 మీటర్ల వెనక ఉన్నవాడికి పెద్ద తెర మీద పెదవులు ముందు కదులుతాయి, పాట తీరిగ్గా వస్తుంది.

అయినా ఇప్పటి జనం అదృష్టవంతులు. 1965లో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ పాడినప్పుడు వచ్చినవాళ్లు 55 వేల పైచిలుకు. ఆ జనం అరుపుల్లో బీటిల్స్‌కు తాము వాయిస్తున్నది తమకే వినబడలేదు. సామాను సరిగ్గా లేకపోయినా నిలిచిన కచేరీలూ ఉన్నాయి. జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో 1975 జనవరి 24న అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్‌కు దొరికింది అడిగిన పియానో కాదు, పైస్వరాలు గీరుగా, కిందిస్వరాలు బలహీనంగా పలికే చిన్న పియానో. దాని మీదే వాయించాడు. ఆ కచేరీ రికార్డు సోలో పియానో రికార్డుల్లో బాగా అమ్ముడైనవాటిలో ఒకటి. పాడైన పియానో వల్లే అంత గొప్పగా వచ్చిందని కొందరంటారు. నేనొప్పుకోను. పాడైన పియానోలు లోకంలో చాలానే ఉన్నాయి.

నేను సహించలేనిది మాత్రం ఒకటుంది. ఒక షోలో గాయకుడు ఉత్సాహంగా మైకును జనంవైపు తిప్పాడు. గొంతు ఏ మాత్రం తగ్గకుండా పాడుతూనే ఉంది! రికార్డు పెట్టి పెదవులు ఆడించేదానికి మేమంతా అంతదూరం పోవాలా? దానికన్నా మన మైకు కూతే నయం, అది కనీసం అప్పటికప్పుడు పుట్టింది. మోత సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి చోట్ల సగటున 100 డెసిబెల్స్ దాటొద్దని చెప్పింది. ఒకసారి షో అయ్యాక మర్నాటిదాకా చెవుల్లో ఈల ఆగలేదు. అప్పట్నుంచీ జేబులో ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి. నవ్వేవాళ్లు నవ్వుతారు.

మొన్న బ్యాచ్ కలిసినప్పుడు ఆ అమ్మాయిని చూశాను. ఇన్నేళ్లుగా మోస్తున్న క్షమాపణ చెప్పేశాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"మైకా? అదేం గుర్తులేదే. ఆ రోజు ఫ్లూటు పైకి పోయింది, వయొలిన్ కిందికి దిగింది. మధ్యలో ఎవరి శ్రుతి పట్టుకోవాలో తెలీక చచ్చాను. అది గుర్తుంది."

నిజమే అయ్యుంటుంది. స్టేజీ లైట్ల వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఫ్లూటులో గాలి వేడెక్కి శ్రుతి పెరుగుతుంది. మధ్యాహ్నం చల్లటి హాల్లో రెండింటికీ శ్రుతి కలిపింది మాస్టారే. పక్కనే నిలబడి చూసింది నేను. సాయంత్రం ఆ తేడా నా చెవికి అందనేలేదు. నా చేతిలో వైర్ల చుట్ట ఊరికే పెట్టలేదాయన.