చుట్ట విప్పేదాకా: మా పెరట్లో టర్ఫ్ కోర్టు

పెరట్లో టర్ఫ్ కోర్టు, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఆటస్థలం, వేయించామని చెబితే అందరూ మొదట అడిగేది గడ్డి గురించే. ఏ రకం, ఎంత ఒత్తు, నిజం గడ్డిలా ఉంటుందా అని. నేనూ అంతే. నమూనా ముక్కలు తెప్పించుకుని, చెప్పులు విప్పి ఒక్కోదాని మీద నిలబడి చూసుకున్నాను. తీరా పనిలో దిగాక గడ్డి పరవడానికి పట్టింది ఒకటిన్నర రోజు. మిగతా రెండు వారాలూ మట్టి, కంకర, నీళ్లే.

మా అబ్బాయికి ఫుట్‌బాల్ కావాలి, నాకు బ్యాడ్మింటన్ కావాలి. ఫుట్‌బాల్ మైదానాల్లో వేసే టర్ఫ్‌కి పీచు 40 నుంచి 60 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అంత పొడుగు పీచులో పాదం చటుక్కున తిప్పడం కష్టం. అందుకని టెన్నిస్ కోర్టులకు వాడే తరహాలో, 20 మిల్లీమీటర్ల పీచు ఉండి మధ్యలో ఇసుక నింపే రకం తీసుకున్నాం. వాడు కొంచెం అలిగాడు. బాస్కెట్‌బాల్ ఆడాలనుకునేవాళ్లు మాత్రం టర్ఫ్ జోలికి పోవద్దు, బంతి సరిగా లేవదు.

బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. చుట్టూ కాళ్లాడే జాగా కలిపి 15 బై 8 అనుకున్నాం. ఆ 8 ఊరికే పెట్టుకున్న అంకె కాదు. టర్ఫ్ చాపలా చుట్టి వస్తుంది, మేం ఎంచుకున్న చుట్ట వెడల్పు 4 మీటర్లు కాబట్టి రెండు చుట్టలతో, ఒకే ఒక్క అతుకుతో సరిపోతుంది. పైగా ఆ అతుకు కోర్టు మధ్య గీత కిందికే వస్తుంది, నెట్‌కి అటూ ఇటూ ఆ గీత ఉండని రెండేసి మీటర్లు తప్ప కోర్టు లోపల ఎక్కడా కనపడదు. ఈ లెక్క తట్టిన రోజు నాకు నేనే గొప్పగా అనిపించాను.

ఆ గొప్ప తవ్వకం మొదలైన పూటే దిగిపోయింది. 15 సెంటీమీటర్ల లోతే కదా అనుకున్నాను. 120 చదరపు మీటర్లలో ఆ లోతంటే 18 ఘనపు మీటర్ల మట్టి. తవ్వి పోస్తే గుల్లబారి ఇంకా పెరుగుతుంది. పెరట్లోకి ఇంటి పక్క సందు ఒక్కటే దారి, అందులో చిన్న యంత్రం కూడా పట్టలేదు. మొత్తం తోపుడు బండితోనే తోలారు. టర్ఫ్ సంగతి తర్వాత, ముందు మీ సందు వెడల్పు కొలుచుకోండి.

మట్టి తీశాక కలుపు పైకి రాకుండా, కంకర మట్టిలో కూరుకుపోకుండా ఒక గుడ్డ పరిచారు. దాని మీద కంకర రెండు పొరలుగా పోసి, ఒక్కో పొర తడిపి, యంత్రంతో దిమ్మిస కొట్టారు. పైన వేలెడు మందం కూడా లేని రాతి పొడి. అసలు గొడవ వాటం దగ్గర వచ్చింది. "ఆడుకునే చోటు కదండీ, మట్టంగానే ఉండాలి" అంటాడు మేస్త్రీ. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాల్సిందే అంటాను నేను. ఎనిమిది మీటర్లకి బెత్తెడు తేడా, ఆడేవాళ్లకి తెలియదు గానీ నీళ్లకి తెలుస్తుంది. చివరికి నా మాటే నెగ్గింది.

గడ్డి పరిచే ముందు పైపు పెట్టి నీళ్లు వదిలి చూడమని ఎక్కడో విని ఉన్నాను. వదిలాం. అన్నీ చక్కగా జారాయి, కాలవ దగ్గరి మూల తప్ప. అక్కడ చాటంత మడుగు. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనించి చూస్తే కింద వేలు దూరేంత సందు. ఆ మూల మళ్లీ తవ్వి, పోసి, దిమ్మిస కొట్టేసరికి ఒక రోజు పోయింది. ఆ మడుగు గడ్డి పరిచాక బయటపడి ఉంటే ఏం చేసేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

చుట్టలు వచ్చాయి. ముడతలు పోవాలని విప్పి రెండు మూడు గంటలు ఎండలో వదిలేశారు. నేను మేడ మీంచి చూస్తే సగం కోర్టు ముదురు పచ్చ, సగం లేత పచ్చ! వేరే సరుకు అంటగట్టారనుకుని గబగబా కిందికి దిగాను. తీరా చూస్తే రెండో చుట్టని అవతలి కొస నుంచి విప్పారు. పీచు అంతా ఒకవైపుకి వంగి ఉంటుంది, రెండు ముక్కల్లో అది ఎదురెదురుగా ఉంటే వెలుగు పడే తీరు మారి రంగే వేరుగా కనిపిస్తుంది. నెట్ స్తంభం కోసం అప్పటికి ఇంకా రంధ్రం కోయలేదు కాబట్టి తిప్పి వేశారు. కోసి ఉంటే ఆ చుట్ట దండగే.

ఇసుక చదరపు మీటరుకి 20 కిలోల లెక్కన 25 కిలోల బస్తాలు 96 పట్టాయి. పీచుని నిటారుగా నిలబెట్టేదీ, తన బరువుతో టర్ఫ్‌ని కదలకుండా పట్టి ఉంచేదీ అదే. కొన్ని బస్తాలు తడిసి ఉంటే ఉండలు కట్టి పీచు మీదే నిలిచిపోయింది. టార్పాలిన్ మీద ఆరబోసి, మర్నాడు పలచగా చల్లుతూ పీచుకి ఎదురు చీపురు తోస్తూ దింపాం. నడుములు పోయాయి.

ప్లాస్టిక్ గడ్డి పేరు మోగింది అమెరికాలో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంతో. 1965లో అది తెరిచాక, ఆటగాళ్ల కళ్లలో వెలుగు పడుతోందని పైకప్పు పలకలకి రంగు వేస్తే కింద నిజం గడ్డి ఎండ లేక చచ్చిపోయింది. 1966లో దీన్ని పరిచారు. అక్కడ ఎండ లేక వచ్చింది, మా ఇంట్లో ఎండే దీనికి శత్రువు. మిట్టమధ్యాహ్నం దాని మీద వట్టి కాళ్లతో నిలబడలేం, పొద్దున్నా సాయంత్రమే ఆట. రెండో నెలలో వెనక మూల పీచు మెరుస్తూ, మూరెడు మేర చారలా కరిగి కనిపించింది. ఎవరో ఏదో కాల్చారని పిల్లల్ని కేకలేశాను. కారణం మా మేడ మీద, ఒకదాని వెనక ఒకటిగా రెండు అద్దాలున్న కిటికీ. దాని మీంచి తిరగబడ్డ ఎండ రోజూ అక్కడే గుచ్చుకుంటోంది. కిటికీకి బయట జాలీ తెర కట్టాక ఆగింది గానీ ఆ చార అలాగే ఉంది. ఓడిపోయినవాళ్లందరూ కాలు అక్కడే జారిందంటారు, నాతో సహా.