అక్వేరియం మొక్కలు కొనేముందు సంపులో నీళ్ల సంగతి చూడండి

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సంపులోకి మూడు రకాల నీళ్లొస్తాయి. మంజీరా, బోరు, ఎండలు ముదిరితే ట్యాంకర్. (నగరానికి ఇప్పుడు ఎక్కువగా వచ్చేది కృష్ణా, గోదావరి నీళ్లే. అయినా మా నోట్లో మాత్రం నల్లా నీళ్లన్నీ మంజీరానే.) అక్వేరియంలో మొక్కలు పెంచుతున్నానని తెలిసినవాళ్లు ఏ మందు వేస్తానో, ఏ లైటు కొన్నానో అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ నల్లాలో ఏ నీళ్లు?

యూట్యూబ్‌లో కనిపించే ఆ ఎర్రెర్రని మొక్కల్లో చాలావాటికి మెత్తటి నీళ్లు (సున్నంలాంటి ఉప్పులు తక్కువున్నవి), సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ కావాలి. మాది గీజర్ కాయిల్‌కి తెల్లగా గార పట్టించే బోరు నీరు, అంటే ఉప్పులెక్కువున్న గట్టి నీరు. ఇందులో ఆ మొక్కలు వేస్తే కొన్ని వారాల్లో కాడలే మిగులుతాయి. షాపువాడు మాత్రం వాటినే ముందు చూపిస్తాడు, ఖరీదు ఎక్కువ కదా.

బోరు నీళ్లకి వాలిస్నేరియాని మించింది లేదు. రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులుంటాయి, అదే. మొక్కకి కార్బన్ కావాలి, నీళ్లలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. వాలిస్నేరియా, మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా లాంటివి గట్టి నీళ్లలో ఉండే బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ లాక్కోగలవు. అలా లాక్కున్నప్పుడు ఆకుల మీద తెల్లటి పొడిలా సున్నం పేరుకుంటుంది. అది రోగం కాదు, కంగారు పడి మందులు పోయకండి. ముఖ్యంగా 'లిక్విడ్ కార్బన్' అని అమ్మే సీసా జోలికి పోవద్దు. వాటిలో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, దానికి వాలిస్నేరియా ఇట్టే కరిగిపోతుంది.

క్రిప్టోకోరైన్ వేరే రకం. గట్టి నీళ్లనీ తట్టుకుంటుంది, తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది, కానీ మార్పు పడదు. నిన్నటిదాకా మంజీరా ఉండి ఇవాళ ట్యాంకర్ నీళ్లతో సగం ట్యాంకు మార్చామా, రెండు రోజుల్లో ఆకులన్నీ జావైపోతాయి. అందుకే వేసవిలో నీళ్లు మార్చేముందు వాచ్‌మన్‌ని అడుగుతాను.

"అన్నా, ఇయ్యాల ఏం నీళ్లు?"

"బోరు ఎండింది మేడం, ట్యాంకర్ దింపినం."

ఆ రోజుకి ఒక్క మగ్గుతో సరిపెడతాను. ఆకులు కరిగినా మొక్కని పీకేయకండి. కుళ్లిన ఆకులు కత్తిరించి వదిలేస్తే వేరు నుంచి కొత్తవి వస్తాయి. దాని తిండి ఎక్కువగా వేళ్ల నుంచే కాబట్టి మొదట్లో ఒక రూట్ ట్యాబ్లెట్ (ఎరువు బిళ్ల) గుచ్చి పెట్టండి.

అనూబియాస్, జావా ఫెర్న్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాయికో చెక్కకో దారంతో కట్టండి, ఆకులు, వేళ్లు పుట్టుకొచ్చే దుంప కాడని ఇసుకలో పాతితే కుళ్లుతుంది.

కొత్త ఆకులు పసుపు పచ్చగా వచ్చి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ లోటు. ఐరన్ మందుల్లో ఐరన్‌ని నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం ఒకటి కలుపుతారు. గట్టి నీళ్లలో మామూలు ఈడీటీఏ రకం ఐరన్ అంతగా నిలవదు, డీటీపీఏ రకం అడిగి తీసుకోండి. పాత ఆకులకి సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం చాలట్లేదని.

లైటు రోజుకి ఏడెనిమిది గంటలు చాలు, టైమర్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు. ఎండ పడే చోట మాత్రం ట్యాంకు పెట్టొద్దు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో ఉండాలని మా అత్తయ్య. ఈశాన్యంలో మాకు పెద్ద కిటికీ ఉంది, పొద్దున ఎండ సూటిగా పడితే నీళ్లు పచ్చగా మారతాయి. మందపాటి కర్టెన్ వేశాక ఇద్దరం రాజీ పడ్డాం.

మే నెలలో నలభై దాటే రోజుల్లో ట్యాంకు మూత తీసి నీటి మీదకి చిన్న ఫ్యాన్ పెడతాను. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బదులుగా నీళ్లు గబగబా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులన్నీ లోపలే ఉంటాయి. తగ్గినంత మళ్లీ బోరు నీళ్లతో నింపుతూ పోతే గట్టిదనం పెరుగుతూనే ఉంటుంది. అందుకే తగ్గిన నీటికి మాత్రం వంటింటి ఆర్వో నీళ్లు పోస్తాను. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు కాదు సుమా, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ. మొత్తం ట్యాంకు ఆర్వోతోనే నింపడం కూడా తెలివైన పని కాదు, మొక్కలకి కాల్షియం, మెగ్నీషియం కావాలి.

వాలిస్నేరియా ఇసుక కింద తీగలు సాగదీసి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ప్రతి నెలా పీకి పక్క ఫ్లాట్లకి పంచుతున్నాను, తడి పేపర్లో చుట్టి. నత్తలు కూడా వాటితో పాటే వెళ్తాయి. ముందే చెప్పి ఇస్తాను.