మూతి పేలింది, ఇంట్లో పసిపాప

విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి మధ్యాహ్నం నుంచే మూడు లాంతర్ల దగ్గర ఎండలో నిలబడ్డాను. మర్నాడు పళ్ళు తోముకుంటుంటే కింది పెదవి కుడి మూల చిమచిమలాడింది. చీమ పాకినట్టు ఉండే ఆ చిమచిమ నాకు తెలిసిందే. జ్వరం తగ్గాకో, ఎండలో తిరిగాకో సరిగ్గా అక్కడే పేలుతుంది. కానీ ఈసారి గుండె ఝల్లుమంది. చెల్లి పురిటికొచ్చి ఉంది. పాపకి బారసాల అయి వారం కూడా కాలేదు.

అమ్మ చూసి, "సాలీడు పాకిందే, పసుపూ నెయ్యీ రాస్తాను రా" అంది. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను. కిందటేడు మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే పొక్కులు గడ్డం దాకా పాకాయి. అందులో స్టెరాయిడ్ ఉందని, దీనికది రాయకూడదని చర్మం డాక్టరమ్మ చెప్పారు. ఇది హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 వైరస్ అట. సాధారణంగా చిన్నప్పుడే ముద్దుల వల్ల సోకి, ముఖం నరాల్లో దాక్కుంటుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఎండ, జ్వరం, టెన్షన్, ఒక్కోసారి నెలసరి దాన్ని లేపుతాయి. హెర్పిస్ అనగానే సుఖవ్యాధేమో అనుకుని నేను తల దించుకున్నాను. "ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్ళ లోపు వాళ్ళలో 380 కోట్ల మందికి ఇది ఉందమ్మా, సిగ్గెందుకు?" అన్నారావిడ.

అందుకే ఈసారి చిమచిమ మొదలైన గంటలోనే వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ క్రీము రాశాను. రోజుకి ఐదుసార్లు, రాసే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కుని. పొక్కులు లేచాక రాస్తే పెద్దగా పనిచేయదు. మాటిమాటికీ వచ్చేవాళ్ళకి మాత్రలూ ఉన్నాయి, డాక్టరు రాసిస్తే వాడాలి. పెదవి ముట్టుకున్న చెయ్యి కంటికి తగలనివ్వలేదు, కంటికి సోకితే చూపుకే ముప్పు.

పాప సంగతి డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. నెలలోపు పిల్లలకి సోకితే మెదడుకీ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి వస్తుందని, చెక్కు రాలి మానేదాకా దగ్గరికే వెళ్ళొద్దని గట్టిగా చెప్పారు. నా తువ్వాలు, గ్లాసు వేరు చేసేశాను. "సొంత పెద్దమ్మవి, నీ నుంచి ఏమవుద్దే?" అని అమ్మ కోప్పడింది. ఆమెకి సర్దిచెప్పడం పొక్కు నొప్పి కంటే కష్టమైంది. పాప ఏడుస్తుంటే గుమ్మం దగ్గరే నిలబడిపోయేదాన్ని.

పొక్కులు ఆవగింజలంతే లేచాయి. చితికి, పసుప్పచ్చని చెక్కు కట్టి, తొమ్మిదో రోజుకి రాలిపోయింది. కింద లేత గులాబీ రంగు చర్మం. అది గట్టిపడేదాకా ఇంకో రెండు రోజులు ఆగాను. ఎండకి పెదవులకి రాసుకునే సన్‌స్క్రీన్ బామ్ ఒకటి కొని బ్యాగులో వేసుకున్నాను.

"ఇదిగో అప్పా" అంటూ చెల్లి పాపని నా ఒళ్ళో పెట్టింది. బుగ్గ జోలికి పోలేదు. అరికాలు నా చెంపకి ఆనించుకున్నాను.