ఉబెరాబాలో ఒంగోలు గిత్తలు

ఎక్స్‌పోజెబు అనే పశువుల మేళా జరిగే రోజుల్లో బ్రెజిల్‌లోని ఉబెరాబాలో గది దొరకడం గగనం. దొరికినా మామూలు రేటుకు రెండింతలు, అదీ కిటికీ సరిగ్గా మూతపడని గదికి. రియో, సావో పాలో చూశాను, బాగున్నాయి, వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఇంత దూరం వచ్చింది మాత్రం ఈ ఊరి కోసమే. బ్రెజిల్‌లో 'నెలోర్' అని పిలిచే పశువు మన ఒంగోలు జాతిదే. మా తాత జీవితమంతా ఆ ఎద్దులతోనే పొగాకు పొలాలు దున్నాడు. "మన గిత్తలు సముద్రం దాటాయిరా" అని గర్వంగా చెప్పేవాడు. దాటి ఏమయ్యాయో ఆయనకు తెలియదు. నాకు చూడాలనిపించింది.

సావో పాలోలో తియెతె బస్టాండ్ నుంచి ఉబెరాబాకు ఏడు గంటల పైనే ప్రయాణం. రిబెయిరావ్ ప్రేతో దాటేదాకా కిటికీలోంచి చెరుకు తప్ప ఏమీ కనిపించదు. నా పక్క సీట్లో అరవై ఏళ్లు దాటిన మనిషి, ఒళ్లో టోపీ. ఏ దేశం అని అడిగాడు. ఇండియా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నెలోర్!" అంటూ తన మెడ వెనక చెయ్యి పెట్టి మూపురం చూపించాడు. అక్కడి నుంచి ఇద్దరం నిద్రపోలేదు. ఫోన్‌లో అనువాదం చేసుకుంటూ, అది తప్పు చెప్పినప్పుడు చేతులతో సర్దుకుంటూ మాట్లాడుకున్నాం.

ఆయన మాతో గ్రోసో రాష్ట్రంలో ఒక ఫజెండాలో, అంటే పెద్ద పశువుల కమతంలో, మేస్త్రీ. మాంసం కోసం పశువుల్ని పెంచడం ఒక పని కాదు, మూడు పనులని చెప్పాడు. మొదటిది క్రియా: ఆవులు, వాటి దూడలు, పాతిక ముప్పై ఆవులకు ఒక ఆబోతు. ఈమధ్య చాలాచోట్ల ఆబోతు లేకుండా సూదితోనే చూడి కట్టిస్తున్నారు. పాలు పిండరు, ఉన్న పాలన్నీ దూడకే. ఏడెనిమిది నెలలకు దూడను తల్లి నుంచి విడదీస్తారు. రెండోది రెక్రియా: పాలు మరిచిన దూడ బీళ్లలో మేసి ఎముక పెంచుకునే కాలం, ఏడాదో, అంతకంటే ఎక్కువో. మూడోది ఎంగోర్దా: కొవ్వు పట్టించడం. పచ్చిక బాగుంటే బీట్లోనే, వానలు లేని కాలమైతే కంచె వేసిన దొడ్లో మూడు నెలలపాటు మొక్కజొన్న, జొన్న పాతర గడ్డి పెట్టి. ఈ మూడూ ఒకే రైతు చేయొచ్చు. చాలాసార్లు మాత్రం దూడ ఒకరి దగ్గర పుడుతుంది, ఇంకొకరి దగ్గర ఎదుగుతుంది, మూడో మనిషి దగ్గర బరువెక్కుతుంది. మధ్యలో ప్రతిసారీ వేలం, ప్రతిసారీ లారీ.

బెజెర్రో అంటే దూడ, నొవిల్యా అంటే పెయ్య, గరోతె అంటే కోడె, తౌరో అంటే ఆబోతు. ఆయన ఒక్కోటి చెబుతుంటే నేను మా ఊరి మాట చెప్పాను. దుక్కిటెద్దుకు, బండెద్దుకు సరిపడే మాట అడిగాను. చాలాసేపు ఆలోచించి, వాళ్ల తాత కాలంలో బండ్లకు కట్టేవారని, ఇప్పుడు బోయ్ అంటే బరువెక్కాల్సిన ఎద్దేనని అన్నాడు. అప్పుడే ఫోన్ తీసి ఆ రోజు అర్రోబ ధర చూపించాడు. అర్రోబ అంటే 15 కిలోలు. అదీ బతికున్న బరువు కాదు, కోశాక కొక్కేనికి వేలాడే బరువు. ఐదు వందల కిలోల ఎద్దులో దాదాపు సగమే లెక్కకొస్తుంది. మావాళ్లు షేర్ల ధరలు చూసుకున్నట్టు ఆయన రోజూ పొద్దున్నే అది చూస్తాడట.

దిగే ముందు ఉబెరాబా దగ్గర ఫజెండాలో పనిచేసే తన బావమరిది నంబరు రాసిచ్చాడు.

మేళా జరిగే ఫెర్నాండో కోస్తా పార్కులో అడుగుపెట్టగానే నా కళ్లు చెమర్చాయి. వరసగా పాకలు, పాకల నిండా తెల్లటి గిత్తలు. నల్లటి ముక్కు, కాటుక పెట్టినట్టున్న కళ్లు, గంగడోలు, అదే మూపురం. కుర్రాళ్లు వాటికి షాంపూతో స్నానం చేయించి, తోక కుచ్చు దువ్వుతున్నారు. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవు విలువ 43 లక్షల డాలర్లని తేలి గిన్నిస్ రికార్డుకెక్కింది. అంత డబ్బు దాని మాంసానికి కాదు, అండాలకు. ఒక్క మంచి ఆవు అండాలతో వందల దూడల్ని వేరే ఆవుల కడుపున పుట్టిస్తారు.

అక్కడే ఉన్న జెబు (మూపురం ఉన్న పశువుల) మ్యూజియంలో గంటలు గంటలు గడిపాను. 1878లో లెంగ్రూబర్ అనే ఆయన జర్మనీలో హాంబర్గ్ జూ నుంచి ఒంగోలు జతను తెప్పించడం, 1960లలో చివరి పెద్ద దిగుమతి, ఫెర్నాండో దె నొరోన్యా దీవిలో వాటిని ఆపి రోగాలు లేవని తేల్చుకున్నాకే ఒడ్డుకు రానివ్వడం. అప్పుడు వచ్చిన ఆబోతుల పేర్లు కర్వది, గోదావరి, ఆకాసము. కర్వది అంటే మన ఒంగోలు పక్కన కరవదే. ఇవాళ బ్రెజిల్‌లో 23 కోట్లకు పైగా పశువులున్నాయి, మనుషులకంటే ఎక్కువ. వాటిలో అత్యధికం నెలోర్ రక్తమే. పొట్టి వెంట్రుక కింద నల్లటి చర్మం ఎండకు తట్టుకుంటుంది, గోమారి పురుగు అంత తొందరగా పట్టదు, దూడ చిన్నగా పుడుతుంది కాబట్టి ఆవు మనిషి సాయం లేకుండా ఈనుతుంది. వేల ఎకరాల బీళ్లలో పెంచేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ప్రతి దానికీ తల్లి, తండ్రి, తాత పేర్లతో కాగితం ఉంది. మన దగ్గర ట్రాక్టరు రాగానే ఎద్దును మరిచిపోయాం. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫారంలాంటి చోట్ల, బండలాగుడు పందేలకు మేపే కొద్దిమంది ఇళ్లలో మాత్రం జాతి నిలబడింది. నాకు కోపం వచ్చింది, మనవాళ్ల మీదే.

మధ్యాహ్నం భోజనం తూకం హోటల్లో. పళ్లెంలో ఏది పెట్టుకున్నా కిలోకు ఒకటే ధర. అన్నం, చిక్కుడు గింజల కూర, ఆకుకూర పెట్టుకున్న నాకూ మాంసం ధరే వేశారు, ఇది అన్యాయం. నిప్పుల దగ్గర వంటమనిషి పెద్ద ముక్క కోస్తూ "కుపిం" అని ఊరించాడు. అంటే మూపురం. పొద్దున కుర్రాడు దువ్విన మూపురమే గుర్తొచ్చింది. తినేవాళ్లను తప్పుపట్టను, వాళ్ల తిండి వాళ్లది. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు ఫజెండాకు వెళ్లాను. మే నెల వాళ్లకు దూడల్ని విడదీసే కాలం. కంచెకు ఇవతల తల్లులు, అవతల దూడలు, మధ్యలో అరుపులు. మూడు నాలుగు రోజులు ఇలాగే ఉంటుందని, తర్వాత మేతలో పడిపోతాయని బావమరిది అన్నాడు. ఇంకో పక్క ఇరుకు సందులాంటి చట్రంలోకి ఆవుల్ని ఒక్కొక్కటిగా తోలుతున్నారు. డాక్టరమ్మ స్కానింగ్ మెషిన్‌తో చూసి చూడిదో కాదో చెబుతోంది. "వజియా" అంటే వట్టిది. ఆ మాట వినగానే కుర్రాడు దాని వీపు మీద ఎర్ర రంగు గీత గీస్తాడు. గీత పడినవి కొవ్వు పట్టాక కబేళాకే.

బాగా ఉన్న, కుదురైన ఆవొకటి వట్టిదని తేలింది. ఇంకో ఏడాది చూడొచ్చు కదా అని అడిగాను.

"చూడిదీ గడ్డి తింటుంది, వట్టిదీ తింటుంది. నాకు దూడనిచ్చేది ఒకటే" అన్నాడు.

మా ఇంట్లో గొడ్డుపోయిన ఆవు చచ్చేదాకా పాకలోనే ఉందని చెప్పాను. దానికి మేతెవరు పెట్టారని అడిగాడు. మా నాయనమ్మ అన్నాను.

"ఎన్ని ఆవులు మీకు?"

"రెండు."

"నాకు తొమ్మిది వందలు" అని, గేటు తెరవమని కుర్రాడికి సైగ చేశాడు. ఆయన లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ మనసు రావడం లేదు.