భుజాల మీద ఎర్రటి చారలు

చాలా ఏళ్లపాటు ఇంటికి రాగానే నేను చేసే మొదటి పని బ్రా విప్పడం. భుజాల మీద పట్టీలు ఆనిన చోట, వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఎర్రటి చారలు పడి ఉండేవి. ఆడవాళ్లకు ఇది మామూలే అనుకుని ఎవరినీ అడగలేదు. అది మామూలు కాదని, కేవలం కొలత తప్పడం వల్ల పడిన బాధ అని తెలిసిన రోజున నాకు నిజంగా దుఃఖం కలిగింది.

అప్పట్లో నేను వేసుకున్నది 36బి సైజు (అంకె ఒంటి చుట్టూ ఉండే బ్యాండ్‌కు, అక్షరం కప్పుకు). మొదటిసారి కొన్నప్పుడు దుకాణంలో అమ్మే ఆమె నా రొమ్ముల కింద టేపు చుట్టి, వచ్చిన 32 అంగుళాలకు నాలుగు కలిపి 36 అని తేల్చారు. కప్పు సైజును కంటితోనే అంచనా వేశారు. అలా నాలుగైదు అంగుళాలు కలపమనే పట్టికలు ఇప్పటికీ కనిపిస్తాయి. సాగే గుణమున్న నేటి బట్టకు ఆ లెక్క చాలామందికి కుదరదు.

తరువాత నేనే అద్దం ముందు నిలబడి కొలుచుకున్నాను. ఊపిరి వదిలి, టేపు వీపు మీద కిందికి జారకుండా, రొమ్ముల కింద ఒంటికి బిగువుగా చుడితే 32 వచ్చింది; ఛాతీ ఎత్తుగా ఉన్నచోట బిగించకుండా చుడితే 36 వచ్చింది. ఈ రెండింటి మధ్య తేడా ఒక అంగుళమైతే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. అంటే నాది 32డి.

డి అంటే చాలా పెద్దదనే అపోహ నాకూ ఉండేది కాబట్టి వెంటనే నమ్మలేకపోయాను. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ తన బ్రాకు పేటెంటు పొందేనాటికి ఈ అక్షరాలే లేవు. అవి 1930లలో వాడుకలోకి వచ్చాయి. అక్షరం ఒక్కటే ఏ పరిమాణాన్నీ చెప్పదు. పక్కనున్న అంకెతో కలిపి చదివినప్పుడే దానికి అర్థం. 36బి, 34సి, 32డి మూడింటిలోనూ కప్పు పట్టేది దాదాపు ఒకే పరిమాణం. అందుకే నాకు కప్పు సరిపోయినట్టే ఉండేది, తప్పు ఎక్కడుందో అనుమానం కూడా రాలేదు. బరువులో ఎక్కువ భాగాన్ని మోయవలసింది ఒంటి చుట్టూ ఉండే బ్యాండ్. అది వదులైతే వెనుక వీపు మీదకి ఎగబాకుతుంది, ముందు భాగం కిందికి వాలుతుంది, ఆ భారమంతా సన్నని పట్టీల మీద, అంటే భుజాల మీద పడుతుంది. నేను చేసిందల్లా పట్టీలను ఇంకా ఇంకా బిగించడమే!

ఇప్పుడు వేసుకుని చూసేటప్పుడు తొందరపడను. కొంచెం ముందుకు వంగి, చంక వైపు మిగిలిపోయిన భాగాన్ని చేత్తో కప్పులోకి సర్దుకుంటాను. రొమ్ము కణజాలం చంక దాకా వ్యాపించి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పని చేయకపోతే చిన్న కప్పు కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. వైరు ఉన్న రకమైతే అది పక్కటెముకల మీద ఆనాలి, మెత్తని భాగాన్ని నొక్కకూడదు. రెండు కప్పుల మధ్య ముక్క రొమ్ము ఎముకకు అంటుకుని ఉండాలి. పై అంచు దగ్గర కండ ఉబికితే కప్పు చిన్నది, బట్ట ముడతలు పడితే పెద్దది. చివరగా పట్టీలను భుజాల నుంచి దించి చూస్తాను. అప్పుడు కూడా బ్యాండ్ కదలకుండా నిలిస్తేనే నాకు తృప్తి.

టేపు చెప్పిన అంకె వెతుకులాటకు మొదలు మాత్రమే. ఒక్కో కంపెనీ కుట్టు ఒక్కో తీరు కావడంతో ఒక రకంలో నాకు 34సి నప్పింది. నా ఎడమ రొమ్ము కాస్త పెద్దది, ఇలాంటి తేడా చాలామందిలో ఉంటుంది. పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకుని, రెండో వైపు పట్టీని కొద్దిగా బిగించుకుంటే చాలు.

కొత్త బ్రాను అన్నిటికన్నా బయటి వరుస హుక్కులకు పెట్టుకోవాలి, ఎందుకంటే వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, లోపలి వరుసలు ఉన్నది అప్పటి కోసమే. నా 32డి ఎనిమిది నెలలకు మధ్య వరుసకు వచ్చింది. భుజాల మీద ఇప్పుడు చారలు లేవు.